అడుసు తొక్కాల్సిన చదువు



వైశాఖ మాసంలో ఒక తెల్లవారుజాము. ఇంకా చీకటి విడిపోలేదు. కైకలూరు దాటి కొల్లేటి వైపు పోయే దారిలో ఏ చేపల చెరువు గట్టు మీదైనా ఆగి చెవి ఒగ్గండి. నీటి మీద చప్‌చప్‌మని సన్నటి చప్పుడు వినిపిస్తుంది. టార్చి వేసి చూస్తే వందలకొద్దీ నోళ్లు. చేపలన్నీ పైకి తేలి, మూతులు తెరిచి గుటకలు వేస్తుంటాయి. గట్టు మీది పాకలో పడుకున్న కాపలా మనిషి ఉలిక్కిపడి లేచి, పరుగున వెళ్లి ఏరేటర్ల స్విచ్చి వేస్తాడు. ఆ పూట కరెంటు లేకపోతే, జనరేటరు మొరాయిస్తే, తెల్లారేసరికి చెరువు నిండా తెల్లటి పొట్టలే. ఎలాగో పొద్దు పొడిచేదాకా నెగ్గుకొస్తే, ఎండ కాస్త ఎక్కగానే చేపలు ఒక్కొక్కటే కిందికి దిగిపోతాయి.

పాతికేళ్ల కిందట డిగ్రీ విద్యార్థులను వెంటబెట్టుకుని వెళ్లినప్పుడు నేనిది మొదటిసారి చూశాను. మమ్మల్ని తాటిదోనెలో తిప్పడానికి వచ్చిన పెద్దాయనను, "ఎందుకండీ ఇవి ఇలా తేలుతున్నాయి?" అని అడిగాను. "రేత్రంతా నీరు గసపడతాదండీ మేష్టారూ. పొద్దుపొడుపుకి తేరుకుంటాది" అన్నారాయన. నీరు ఊపిరి తీసుకుంటుందన్న సంగతి ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు. చిన్నప్పటి నుంచి ఆ నీటి మీదే బతికి తెలుసుకున్నారు. ఈ పూట మీతో చెప్పాలనుకున్నది ఆ ఊపిరి గురించే. అది ఎక్కడ పుడుతుంది, ఎక్కడ ఖర్చవుతుంది, ఆ ఖర్చు లెక్క తప్పితే ఏమవుతుంది అన్నదాని గురించే.

పగలు ఎండలో నాచూ నీటిమొక్కలూ తమ ఆహారం తాము వండుకుంటూ ఆక్సిజన్‌ను నీటిలోకి వదులుతాయి. పొద్దు వాలగానే ఆ వంట ఆగుతుంది. శ్వాస మాత్రం ఆగదు. చేప శ్వాసిస్తుంది, నత్త శ్వాసిస్తుంది, పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన నాచే రాత్రి దాన్ని వాడుకుంటుంది. అడుగున బురదలో ఉన్న కోటానుకోట్ల సూక్ష్మజీవులు తమ వంతు తాము లాక్కుంటాయి. లీటరు గాలిలో 210 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. అదే 28 డిగ్రీల వేడి ఉన్న లీటరు మంచినీటిలో గాలి నుంచి కరిగేది 8 మిల్లీగ్రాములకు మించదు. మిల్లీలీటర్లలో చెప్పాలంటే సుమారు 6. నీరు వేడెక్కేకొద్దీ అది కూడా తగ్గిపోతుంది, ప్రాణుల అవసరం చూస్తే పెరుగుతుంది. అంత చిన్న డబ్బాలోంచి రాత్రంతా అందరూ తీసుకుంటూ పోతే, తెల్లవారుజాముకు అడుగంటుతుంది. వేసవి తెల్లవారుజాము చేపల రైతుకు గండంగా గడవడానికి కారణం అదే.

అయితే ఆ వేళ తేలని చేపలూ కొన్ని ఉంటాయి. కొరమీను ఉందనుకోండి. సంతలో తట్టలో నీళ్లు లేకపోయినా గంటల తరబడి కదులుతూనే ఉంటుంది. దాని తలలో, మొప్పలకు పైన, గాలి నింపుకునే గదులున్నాయి. పైకి వచ్చి ఒక గుక్క గాలి తీసుకుని మళ్లీ కిందికి పోతుంది. మార్పు చేపకైతే ఆ గదిలో చెట్టు కొమ్మల్లా చీలిన అవయవం ఉంటుంది. ఇంగిలాయికి వెన్ను పొడుగునా గాలి సంచులు. గొరక తేమగా ఉన్న నేల మీద పాకి ఇంకో గుంటలోకి పోగలదు. ఇన్ని రకాల చేపలు నీళ్లలో ఉంటూ గాలి పీల్చడం నేర్చుకోవడానికి కారణం ఉంది. చిత్తడి నేలల్లో ఊపిరికి కరువు నిన్న మొన్న వచ్చింది కాదు, మనిషి పుట్టకముందు నుంచీ ఉంది. ఆ నీటి చరిత్ర ఆ చేపల తలల్లో రాసి ఉంది. బొచ్చె, శీలావతి నదిలో పుట్టి పెరిగిన చేపలు. పారే నీటి ఊపిరికి అలవాటు పడ్డవి. వాటిని తెచ్చి నిలవ నీటిలో, అదీ కిక్కిరిసిన నీటిలో పెట్టాం కాబట్టి వాటికి ఏరేటర్ కావాల్సి వచ్చింది.

ఇప్పుడు కొల్లేటి గురించి. కృష్ణా డెల్టాకూ గోదావరి డెల్టాకూ మధ్య పల్లం అది. ఇప్పటి ఏలూరు జిల్లాలో ఎక్కువ భాగం ఉంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి అందులో కలుస్తాయి. వాటికి తోడు లెక్కలేనన్ని మురుగు కాలవలు, చేల కాలవలు. పోయే దారి మాత్రం ఒకటే, ఉప్పుటేరు. అది మెలికలు తిరుగుతూ సుమారు 60 కిలోమీటర్లు పోయి బంగాళాఖాతంలో పడుతుంది. వేసవిలో నీరు తగ్గి ఏటిలో పారుదల సన్నబడితే, సముద్రపు పోటు ఆ దారిలోనే పైకి ఎక్కుతుంది. ఆ ఏటికి ఆ పేరు ఉత్తినే రాలేదు.

కొల్లేటి మనుషుల నోట అస్తమానం వినిపించే మాట కాంటూరు. సముద్ర మట్టానికి ఎన్ని అడుగుల ఎత్తు అని దాని అర్థం. అయిదో కాంటూరు దాకా నీరు నిలిస్తే సరస్సు 308 చదరపు కిలోమీటర్లు. పదో కాంటూరు దాకా నిలిస్తే 901. నిలువునా అయిదే అడుగులు, అంటే ఒక మనిషి భుజం ఎత్తు. నీరు అంత పెరిగితే చాలు, సరస్సు దాదాపు మూడింతలవుతుంది. అంత చదునైన నేల అది. కొల్లేటికి గట్టు అంటూ ఒకటి సహజంగా లేదు. ఆషాఢం నుంచి నీరు పరుచుకుంటూ పోతుంది, సంక్రాంతి దాటాక ముడుచుకుంటూ వస్తుంది. దాని ఒడ్డు ఏడాదంతా నడుస్తూనే ఉంటుంది.

ఆ నడకే దాని ప్రాణం. వానాకాలంలో నీరు గడ్డి మీదికి, తుంగ మీదికి, ఎండిన నేల మీదికి ఎక్కినప్పుడు చేపలు ఆ పల్చటి నీటిలోకి వెళ్లి గుడ్లు పెడతాయి. అక్కడ పెద్ద చేపల బెడద తక్కువ. మునిగిన గడ్డి కుళ్లి సన్నటి పురుగులు పుడతాయి, చేపపిల్లలకు అదే తిండి. వేసవిలో నీరు వెనక్కి తగ్గితే బయటపడిన బురద ఎండి నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెల్లోంచి గాలి లోపలికి పోతుంది. నీటి కింద ఏళ్లు పట్టే కుళ్లు గాలి సోకి వేగంగా పూర్తవుతుంది. విత్తనాలు మొలుస్తాయి. లంకల ఊళ్ల వాళ్లు ఒకప్పుడు ఆ తడి నేలలోనే దాళ్వా వరి వేసేవారు. మిగిలిన మడుగుల్లో చేపలన్నీ ఒక్కచోటికి చేరతాయి. కొంగలకూ గూడబాతులకూ అవే పండగ రోజులు. అమెజాన్ వరద మైదానాలను పరిశీలించిన జర్మన్ శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ జుంక్, మరో ఇద్దరితో కలిసి 1989లో దీన్ని సిద్ధాంతంగా రాశారు. నీటి పొంగూ తగ్గుదలా అలాంటి నేలలకు నాడి వంటిదని, పంటనూ ప్రాణినీ నడిపించేది అదేనని. మావులు పెట్టుకుని చేపలు పట్టే కొల్లేటి వడ్డీలు ఆ నాడిని చేత్తో పట్టుకుని చూసినవాళ్లు. ఏ నెలలో ఏ వాటం నీటికి ఏ చేప వస్తుందో వాళ్లకు కరతలామలకం.

విద్యార్థులు ఆవరణ వ్యవస్థ అనే మాటను పరీక్ష కోసం నిర్వచనంతో బట్టీ పడతారు. ఆ మాట పుట్టి ఇంకా నూరేళ్లు నిండలేదు. ఇంగ్లండుకు చెందిన ఆర్థర్ టాన్‌స్లీ 1935లో దాన్ని వాడారు. మొక్కలనూ జంతువులనూ ఒక సమాజంగా చూస్తే సరిపోదు, వాటితో పాటు మట్టి, నీరు, గాలి, వేడిమి అన్నీ కలిపి ఒకే వ్యవస్థగా చూడాలి అన్నారు. చాలా పెద్ద మాటే. కానీ ఆ వ్యవస్థను కొలవడం ఎలాగో చెప్పలేదు. కొలిచి చూపించినవాడు మరొకడు. అతని కథ మీకు తప్పకుండా చెప్పాలి.

అమెరికాలోని మిన్నెసోటాలో సీడార్ బాగ్ లేక్ అనే చిన్న మడుగు ఉంది. లోతు లేదు, ఒడ్డంతా పూడుకుపోతున్న ముసలి సరస్సు. రేమండ్ లిండెమాన్ అనే యువకుడు, అతని భార్య ఎలినార్, అయిదేళ్ల పాటు ఆ మడుగులోకి దిగి ప్రతిదీ తోడి, జల్లెడ పట్టి, తూచి చూశారు. నాచు ఎంత, నీటి ఈగలు ఎన్ని, పురుగులు ఎన్ని, చేపలు ఎన్ని. అందరిలా జీవాల పేర్ల జాబితా రాసి ఊరుకోకుండా, ఆ అంకెలన్నిటినీ లిండెమాన్ శక్తి లెక్కలోకి మార్చాడు. సూర్యుడి నుంచి ఎంత వచ్చింది, నాచు ఎంత పట్టింది, దాన్ని తిన్న ప్రాణికి ఎంత దక్కింది, శ్వాసలో ఎంత పోయింది. ఆ లెక్కలతో రాసిన వ్యాసాన్ని ఎకాలజీ అనే పత్రికకు పంపితే, పరిశీలించిన పెద్దలు ఇందులో ఊహ ఎక్కువ, ఆధారం తక్కువ అని తిప్పి పంపమన్నారు. యేల్ విశ్వవిద్యాలయంలో అతని గురువు ఎవెలిన్ హచిన్సన్ పట్టుబట్టి సంపాదకుడికి ఉత్తరం రాశారు. చివరికి 1942 అక్టోబరులో అచ్చయింది. అప్పటికి లిండెమాన్ లేడు. కాలేయ జబ్బుతో అదే ఏడాది జూన్‌లో పోయాడు. వయసు 26.

మీ పుస్తకంలో నూటికి పది వంతుల సూత్రం అని చదువుతారే, దాని మూలం ఆ వ్యాసం. పది వేల కిలోల నాచు మీద వెయ్యి కిలోల నీటి ఈగలు, వాటి మీద నూరు కిలోల చిన్న చేపలు, వాటి మీద పది కిలోల పెద్ద చేపలు. ఆ పదిని మరీ గట్టిగా పట్టుకోకండి, అది చోటును బట్టి మారుతుంది, లిండెమాన్ లెక్కలోనే ఒక్కో మెట్టుకు ఒక్కో అంకె వచ్చింది. మిగతా తొంభై ఎక్కడికి పోయింది అన్నదే అసలు ప్రశ్న. కొంత తినకుండానే చచ్చి అడుగుకు చేరింది. కొంత తిన్నా అరగక మలంగా పోయింది. పెద్ద భాగం బతకడానికే ఖర్చయింది. ఈదడానికి, వెతకడానికి, ఊపిరి పీల్చడానికి. దోనె నడిపిన పెద్దాయన గసపడటం అన్నారే, ఆ గస ఈ ఖర్చే. శ్వాసలో పోయిన శక్తి వేడిగా గాలిలో కలిసిపోతుంది, ఎవరూ దాన్ని తిరిగి పట్టలేరు. అందుకే ప్రతి ఉదయం కొత్త ఎండ రావాలి.

లిండెమాన్ వ్యాసంలో ఒక బొమ్మ ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో గద్దో, పులో శిఖరం మీద కూర్చుంటుంది. లిండెమాన్ గీసిన బొమ్మలో అన్ని బాణాలూ తిరిగే నట్టనడుమ ఒక మాట రాసి ఉంది. బురద. చచ్చిన ప్రతిదీ దానిలోకి పోతుంది, బతకాల్సిన ప్రతిదీ దానిలోంచి తీసుకుంటుంది. ఆ బొమ్మ చూసిన రోజు నుంచి నేను పాఠం చెప్పే పద్ధతి మారిపోయింది. కొల్లేటిలో కిక్కిసనూ జమ్మునూ పచ్చగా ఉండగా తినే ప్రాణులు చాలా తక్కువ. ఆ గడ్డిలో ఎక్కువ భాగం పండి, ఎండి, విరిగి నీటిలో పడుతుంది. బూజు, బాక్టీరియా దాన్ని మెత్తబరుస్తాయి. ఆ తర్వాతే నత్త, రొయ్య, పురుగు దాన్ని ముట్టుకుంటాయి. చచ్చిన ఆకు కంటే దాని మీద పెరిగిన సూక్ష్మజీవే వాటికి అసలు బలం. ఎండు రొట్టె మీద వెన్న పూసుకుని తిన్నట్టు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఈ చదువు చదివేవాళ్లు మాత్రం అడుసు తొక్కాలి. ఒకసారి మాతో కలిసి తొక్కండి.

దోనె ఆపి, మోకాలి లోతు నీటిలో కాలు పెడితే, ముందు తగిలేది వేలి మందం కూడా లేని మెత్తటి గోధుమరంగు పొర. ఇనుము తుప్పు రంగు అది. నిజంగానే తుప్పే. పైనున్న నీటిలోని ఆక్సిజన్ అక్కడిదాకా చేరుతోందని దాని గుర్తు. ఇంకాస్త నొక్కితే కాలు నల్లటి జిగట బురదలోకి దిగుతుంది. వెంటనే కోడిగుడ్డు కుళ్లిన వాసన. ఆ నలుపులో ఆక్సిజన్ లేదు. అక్కడి బాక్టీరియా ఊపిరికి వేరే దారి వెతుక్కున్నాయి. కొన్ని నైట్రేటును వాడుకుని నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి పంపేస్తాయి. చేలలో ఎక్కువై కాలవల్లో కొట్టుకొచ్చిన యూరియాలో కొంత భాగాన్ని చిత్తడి నేల మనకోసం ఇలా ఉచితంగా వదిలిస్తోంది. ఇంకొన్ని సల్ఫేటును వాడతాయి, ఆ కుళ్లిన గుడ్డు వాసన వాటిదే. ఆ రెండూ అయిపోయిన చోట మీథేన్ పుట్టించేవి ఉంటాయి. దోనెవాడు గెడ గుచ్చినప్పుడల్లా బుడబుడమంటూ బుడగలు తేలేది అందుకే. బ్యాటరీని కనిపెట్టిన వోల్టా 1776లో ఇటలీలోని మజ్జోరె సరస్సు ఒడ్డున సరిగ్గా ఇదే పని చేశాడు. కర్రతో బురద కదిపి, తేలిన బుడగలను సీసాలో పట్టి, అది మండుతుందని చూపించాడు.

గుప్పెడు బురద తీసి జల్లెడలో కడిగితే సన్నటి ఎర్రటి పురుగులు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. మా విద్యార్థినులు మొదట చేయి వెనక్కి తీసుకున్నారు. దోమలా ఉండి కుట్టని ఒక రకం ఈగ పిల్లలవి. ఆ ఎరుపు ఏమిటో తెలుసా? హీమోగ్లోబిన్. మన నెత్తురులో ఉండేదే. ఊపిరి దొరకని బురదలో దొరికిన కాస్త ఆక్సిజన్‌నూ పట్టి దాచుకోవడానికి. ఈ మాట చెప్పాక ఒక అమ్మాయి ఆ పురుగును అరచేతిలో వేసుకుని చాలాసేపు చూస్తూ కూర్చుంది.

ఇందాకటి తుప్పు పొర దగ్గరికి మళ్లీ వద్దాం, దానిలో ఒక రహస్యం ఉంది. ఆ ఇనుము భాస్వరాన్ని గట్టిగా పట్టుకుని అడుగున ఉంచుతుంది. ఆక్సిజన్ ఉన్నంత కాలం పట్టు సడలదు. అడుగున ఆక్సిజన్ పోయిందా, తుప్పు కరుగుతుంది, పట్టుకున్న భాస్వరం నీటిలోకి జారిపోతుంది. భాస్వరం జారితే ఏమవుతుంది? కెనడాలోని ఒంటారియోలో 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం చేసిన ప్రయోగం దానికి జవాబు చెప్పింది. నడుము దగ్గర సన్నబడ్డ ఒక సరస్సును వాళ్లు తీసుకున్నారు. దాని పేరు 226 నంబరు సరస్సు. నడుము దగ్గర వినైల్ తెర కట్టి రెండు భాగాలు చేశారు. రెండిటిలోనూ కర్బనం, నత్రజని వేశారు. ఒక భాగంలో మాత్రం అదనంగా భాస్వరం వేశారు. కొన్ని వారాలకు విమానంలోంచి ఫొటో తీస్తే తెరకు ఇటు నల్లటి తేట నీరు, అటు చిక్కటి ఆకుపచ్చ నాచు. వాదన అక్కడితో ముగిసింది. సబ్బు పొడుల్లో ఫాస్ఫేటు తగ్గించాలని పలు దేశాలు చట్టాలు చేయడంలో ఆ ఒక్క ఫొటో పాత్ర చిన్నది కాదు.

ఈ పరిజ్ఞానం చేతిలో పెట్టుకుని కొల్లేటికి ఏం జరిగిందో చూద్దాం. 1970ల నుంచి సరస్సు లోపల చేపల చెరువులకు గట్లు లేచాయి. మొదట మత్స్యకారుల సహకార సంఘాల పేరిట, తర్వాత పెట్టుబడి ఉన్న బయటివాళ్ల చేతుల్లో. గట్టు వేయగానే ఒడ్డు నడక ఆగిపోయింది. గట్టు లోపల ఏడాదంతా ఒకే మట్టం నీరు. బురద ఎండేది ఎప్పుడో చెరువు కోతకు వచ్చినప్పుడే. తవుడు, చెక్క, కోళ్ల ఎరువు, యూరియా, సూపర్ ఫాస్ఫేటు లోపలికి పోతాయి. చేపలు ఐసు పెట్టెల్లో లారీలెక్కి కలకత్తాకు పోతాయి. వేసిన మేతలోని భాస్వరంలో చేప ఒంట్లోకి చేరేది కొద్ది పాలే. మిగిలింది నీటిలోనూ అడుగు బురదలోనూ ఉండిపోయి, చెరువు తోడినప్పుడు సరస్సులోకి పారుతుంది. పైనుంచి ఊళ్ల మురుగు, ఫ్యాక్టరీల మురుగు ఎలాగూ వస్తోంది. అంత మేత దొరికితే గుర్రపుడెక్క ఊరుకుంటుందా? దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్క నీటిని దుప్పటిలా కప్పేసింది. దాని కింద వెలుతురు లేదు, వెలుతురు లేని చోట నాచుకు వంట లేదు, ఊపిరి లేదు. గుర్రపుడెక్కను జనం కష్టపడి పీకి ఒడ్డున పోగు పెడుతుంటారు. అది అక్కడే కుళ్లి, తాగిన భాస్వరమంతా మొదటి వానకే మళ్లీ నీటిలోకి దిగుతుంది. పీకినదాన్ని దూరంగా మోసి చేలకు ఎరువుగా వేస్తేనే ఆ కష్టానికి ఫలితం.

లోతు లేని సరస్సులకు ఇంకో ప్రమాదం ఉంది. దీన్ని డచ్ శాస్త్రవేత్త మార్టెన్ షెఫర్ బాగా వివరించారు. నీటి అడుగున మొక్కలు ఉన్నంత కాలం అవి బురదను పట్టి ఉంచుతాయి, నాచు తినే నీటి ఈగలకు చాటు ఇస్తాయి, నీరు తేటగా ఉంటుంది, తేటగా ఉంటేనే ఆ మొక్కలు బతుకుతాయి. భాస్వరం కొంచెం కొంచెంగా పెరుగుతున్నా చాలా ఏళ్లు ఏమీ కానట్టే కనిపిస్తుంది. తర్వాత ఒక్క ఏడాదిలో నాచు కమ్మేస్తుంది, మొక్కలు చీకటిలో చస్తాయి, బురద లేస్తుంది, ఆ మురికి నీరే ఇంక తనను తాను నిలబెట్టుకుంటుంది. పాలు ఏ ఘడియలో తోడుకున్నాయో ఎవరూ చెప్పలేరు, తెల్లారి మూత తీస్తే పెరుగు. అలాంటిదే ఇది. భాస్వరాన్ని మళ్లీ పాత స్థాయికి తగ్గించినా సరస్సు వెంటనే తేరుకోదు. అంతకంటే బాగా కిందికి తేవాలి, ఏళ్లు ఓపిక పట్టాలి. అడుగు బురద తాను దాచుకున్నది కొంచెం కొంచెంగా వదులుతూనే ఉంటుంది.

పక్షులు ఈ కథలో అందరికీ కనిపించే భాగం. అందుకని వాటి గురించి తక్కువ చెబుతాను. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి ప్రేమికుడు తాడేపల్లిగూడెం దగ్గర ఆరేడు అనే ఊళ్లో చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టడం చూసి లోకానికి చెప్పారు. ఊరి మనుషుల మధ్య, ఊరి చెట్ల మీద. తర్వాత అవి ఆ ఊరు విడిచిపోయాయి. ఇప్పుడు ఆటపాకకు వెళ్తే అటవీ శాఖ వాళ్లు నీటిలో పాతిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు పిల్లల్ని పెంచుతూ కనిపిస్తాయి. చూడటానికి కన్నుల పండువగా ఉంటుంది. గూటికి స్టాండు మనం ఇవ్వగలం. మైళ్ల కొద్దీ పల్చటి నీరు, అందులో చేప, ఆ చేపకు పురుగు, ఆ పురుగుకు బురద, వీటిని ఏ ఇనుముతోనూ చేయలేం.

కొల్లేటిని 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో కోర్టు ఆదేశాలతో లోపలి చెరువుల గట్లను యంత్రాలతో, కొన్నిచోట్ల పేలుడు పదార్థాలతో కూల్చారు. తర్వాత కొన్ని మళ్లీ లేచాయి. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలన్న మాట చాలా ఏళ్లుగా వినిపిస్తూనే ఉంది. లంకల్లో ఉండే పేద కుటుంబాల కష్టం నేను కళ్లారా చూశాను. వాళ్ల పట్టా భూముల సంగతి, వాళ్ల బతుకుదెరువు సంగతి న్యాయంగా తేల్చాల్సిందే. చేపల రైతును దొంగలా చూడటం నాకు ఇష్టం లేదు. అయిదో కాంటూరు బయట ఆయన చెరువు ఆయనకు ఉండనివ్వాలి. లోపల మాత్రం నీటి నడకకు అడ్డం ఉండకూడదు. రెండు అడుగులే కదా తగ్గిస్తున్నాం అనేవారు ఇందాక చెప్పిన లెక్క గుర్తు తెచ్చుకోవాలి. ఆ నేల మీద అడుగు ఎత్తు అంటే ఎన్ని చదరపు కిలోమీటర్లో.

పక్షుల కోసం ఇదంతా దేనికని అడిగేవారికి 2024 సెప్టెంబరు మొదటి రోజులు చాలు. బుడమేరు గట్లు తెగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లల్లోకి నీరు చేరింది. రోజుల తరబడి జనం డాబాల మీద గడిపారు. ఆ విపత్తుకు కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ కొల్లేటికి కట్టబెట్టడం తప్పు. కానీ ఆ బుడమేరు పోయి కలవాల్సింది కొల్లేటిలోనే. వచ్చిన వరదను పరుచుకుని, నెమ్మదిగా ఉప్పుటేటికి వదలడం కొల్లేరు తరతరాలుగా చేస్తున్న పని. చేపపిల్లకు చోటు ఇచ్చే నడకా, వరదకు చోటు ఇచ్చే నడకా రెండూ ఒకటే.

ఇక మీకు ఒక పని అప్పగిస్తాను. కొల్లేటికి రాలేనివాళ్లు మీ ఊరి చెరువుకు వెళ్లండి. ఒక ప్లాస్టిక్ సీసా పట్టుకెళ్లండి. చెరువు అంచున నల్లటి బురద తవ్వి, ఒక బకెట్లో వేసి, పుల్లలూ రాళ్లూ ఏరేయండి. అందులో చింపిన న్యూస్‌పేపరు ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు పచ్చసొన కలిపి సీసాలో మూడొంతులు నింపండి. పైన వేలెడు చెరువు నీళ్లు పోయండి. మూత వదులుగా పెట్టి, ఎండ నేరుగా పడని కిటికీలో ఉంచండి. ఇక దాన్ని కదపకండి. రష్యన్ శాస్త్రవేత్త సెర్గెయ్ వినొగ్రాద్‌స్కీ 1880లలో చూపిన పద్ధతి ఇది. మొదటి వారం అంతా ఒకటే బురద రంగు. రెండో వారం నుంచి అడుగు నల్లబడుతుంది. ఆరు వారాలు గడిచేసరికి పైన ఆకుపచ్చ నాచు, నడుమ ఊదా రంగు మచ్చలు, వాటి కింద ముదురు ఆకుపచ్చ, అడుగున నలుపు. ఒక్కో రంగు ఒక్కో రకం సూక్ష్మజీవుల ఊరు. ఒక ఊరు వదిలిన వాయువు ఇంకో ఊరికి తిండి. మా ఇంటి కిటికీలో మూడేళ్ల నాటి సీసా ఒకటి ఉంది. మూడేళ్లుగా ఎవరూ దానికి తిండి పెట్టలేదు, కిటికీలోంచి వచ్చే వెలుతురు తప్ప. ఇప్పటికీ బతికే ఉంది.

ఆ సీసా మీద తేదీ రాయడం మరిచిపోకండి. వేసవి సెలవుల్లో ఒక్కరోజు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ఆ చెరువు గట్టు మీద నిలబడండి. ఎవరూ మాట్లాడకండి. నీరు గసపడుతోందేమో వినండి.